స్టీరింగ్ కింది పదహారు గళ్లు

డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజన్ బొమ్మ వెలిగిందని కారును విజయవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్లాను. మెకానిక్ బానెట్ ఎత్తి, బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, కాసేపాగి మళ్లీ బిగించాడు. "పోయింది చూడండి సార్" అన్నాడు. నిజంగానే పోయింది. మూడోనాడు నందిగామ దాటుతుండగా మళ్లీ వెలిగింది.

ఇంటికొచ్చాక స్టీరింగ్ కిందకి వంగి, అక్కడున్న 16 గళ్ల సాకెట్లో అగ్గిపెట్టెంత బ్లూటూత్ స్కానర్ ఒకటి గుచ్చాను. తాళం తిప్పి ఫోను కలపగానే తెర మీద పి0301 అనే కోడ్ వచ్చింది. ఒకటో సిలిండర్లో ఇంధనం సరిగా మండడం లేదని దానర్థం. షెడ్లలో దీన్నే మిస్సింగ్ అంటారు. ఆ సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్ మార్చాక దీపం మళ్లీ కనపడలేదు.

కారు తన జబ్బును తానే చెప్పింది. అదీ నాకు, నేరుగా. ఆ సాకెట్‌ను అందరికీ ఒకేలా పెట్టడం కంపెనీలు తమంతట తాము చేసిన పని కాదు. చట్టం చేయించిన పని. ఆ చట్టం వెనక మండే కళ్లున్నాయి.

1943 జులై 26న లాస్ ఏంజెలెస్ నగరాన్ని పొగమంచులాంటిదేదో కమ్మేసింది. జనానికి కళ్లు మండి నీళ్లు కారాయి, గొంతులు పట్టేశాయి. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు కావడంతో జపాన్ విషవాయువు వదిలిందేమోనని భయపడ్డారు. తర్వాత, కృత్రిమ రబ్బరు కోసం బ్యూటడైన్ తయారుచేసే ఒక ఫ్యాక్టరీ మీద అనుమానం పడింది. దాన్ని కొన్నాళ్లు ఆపించారు. అయినా పొగ తగ్గలేదు.

గుట్టు విప్పినవాడు అనాసపండు వాసన మీద పరిశోధన చేస్తున్న రసాయన శాస్త్రవేత్త. నెదర్లాండ్స్‌లో పుట్టి కాల్‌టెక్‌లో పాఠాలు చెబుతున్న ఆరీ హాగెన్-స్మిత్, పండు గాలిలోకి వదిలే పదార్థాలను చల్లబరిచి చుక్కలుగా పట్టేవాడు. పీహెచ్ మీటర్ కనిపెట్టిన ఆర్నాల్డ్ బెక్‌మన్ అడగ్గా, అదే పద్ధతిలో నగరపు గాలిని పట్టి చూశాడు. చేతికొచ్చింది కొన్ని చుక్కల కంపు ద్రవం. 1950ల మొదట్లో ఆయన తేల్చిందేమిటంటే, కార్లూ చమురు శుద్ధి కర్మాగారాలూ వదిలే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌గా మారుతున్నాయి. ఆ నగరంలో టైర్లు త్వరగా బీటలు వారడానికీ అదే కారణం. రబ్బరు ముక్కను వంచి గాలిలో ఉంచి, ఎంతసేపటికి పగులుతుందో చూసి ఓజోన్‌ను కొలిచేవాళ్లు. చమురు కంపెనీల డబ్బుతో నడిచిన మరో పరిశోధన ఆయన మాటను కొట్టిపారేసింది. ఆయన వెనక్కి తగ్గలేదు. ప్రయోగాలు మళ్లీ చేసి చూపించాడు. 1967లో కాలిఫోర్నియా గాలి వనరుల బోర్డు ఏర్పడితే, 1968లో దాని తొలి అధ్యక్షుడయ్యాడు. ఈ కథలో ఆయన పేరు తలవకుండా ముందుకు పోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

1970 నాటి అమెరికా స్వచ్ఛమైన గాలి చట్టం కార్ల విషవాయువులను 90 శాతం తగ్గించమంది. 1975 మోడళ్లతో సైలెన్సర్ గొట్టంలోకి ఆ విషవాయువులను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. పెట్రోలులోని సీసం దాన్ని పాడుచేస్తుంది కాబట్టి సీసం లేని పెట్రోలు బంకుల్లోకి రాక తప్పలేదు. తర్వాత మూడు రకాల విషవాయువులను ఒకేసారి శుభ్రం చేసే కన్వర్టర్ వచ్చింది. దానికి ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి, అటూ ఇటూ కాకుండా, అందుతుండాలి. స్క్రూడ్రైవర్‌తో చెవి ఆనించి సరిచేసే కార్బురేటర్‌కు అంత నిక్కచ్చి సాధ్యం కాదు. పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సరు, దాని మాట విని ఇంధనాన్ని దిద్దే కంప్యూటరు అలా కారులోకి చేరాయి.

దాంతో కొత్త చిక్కు వచ్చిపడింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు కారు శుభ్రంగానే ఉంటుంది. అయిదేళ్లకు సెన్సరు చచ్చిపోతే? బండి నడుస్తూనే ఉంటుంది, పికప్‌లో తేడా తెలియకపోవచ్చు, పొగ కంటికి కనపడదు. విషం మాత్రం పోతూనే ఉంటుంది. కారే తనను తాను కనిపెట్టుకుని ఉండాలని, లోపముంటే దీపం వెలిగించాలని కాలిఫోర్నియా బోర్డు 1988 మోడళ్ల నుంచి నియమం పెట్టింది.

తీరా చూస్తే ఒక్కో కంపెనీది ఒక్కో సాకెట్టు, ఒక్కో భాష. జనరల్ మోటార్స్ కార్లలో మెకానిక్కులు సాకెట్‌లోని రెండు కాళ్లను కాగితాల క్లిప్పుతో కలిపి, దీపం మెరుపులు లెక్కపెట్టేవాళ్లు. ఒక మెరుపు, కాస్త విరామం, రెండు మెరుపులు అంటే కోడ్ 12. పక్క కంపెనీ కారుకు వేరే యంత్రం, వేరే పుస్తకం కొనాలి.

నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది 1990లో స్వచ్ఛమైన గాలి చట్టానికి చేసిన సవరణ. సాకెట్ అన్ని కార్లకూ ఒకే తీరున ఉండాలని, సమాచారం అందుకోవడానికి అడ్డు ఉండకూడదని, అది అర్థం కావడానికి కంపెనీ మాత్రమే ఇచ్చే ప్రత్యేక పరికరంతో అవసరం రాకూడదని అందులో స్పష్టంగా రాశారు. గాలి కోసం చేసిన చట్టం గల్లీ మెకానిక్‌కు హక్కుపత్రమైంది. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారులోనూ కారు తన లోపాన్ని తానే పట్టి చెప్పే ఈ ఉమ్మడి పద్ధతి, ఓబీడీ-2, తప్పనిసరి అయింది. యూరప్ 2001లో పెట్రోలు కార్లతో అదే దారి పట్టింది.

కన్వర్టర్ పనిచేస్తోందో లేదో కారు ఎలా కనుక్కుంటుందో చూడండి. దానికి ముందొక ఆక్సిజన్ సెన్సరు, వెనకొకటి ఉంటాయి. ముందుదాని కొలత క్షణక్షణం ఊగుతుంటుంది. కన్వర్టర్ బాగుంటే వెనకది నిలకడగా ఉంటుంది. వెనకదీ ముందుదానిలాగే ఊగడం మొదలైతే కన్వర్టర్ పని అయిపోయినట్లే. కోడ్ పి0420 పడుతుంది. కోడ్ మొదటి అక్షరం ఇంజన్‌దా, బాడీదా, ఛాసిస్‌దా అన్నది చెబుతుంది. దాని పక్క అంకె సున్నా అయితే అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం, ఒకటి అయితే ఆ కంపెనీ సొంత కోడ్.

అయితే అప్పట్లో స్కానర్ ఇంకా ఖరీదైన షెడ్లకే పరిమితం. దాన్ని యజమాని జేబులోకి తెచ్చింది కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అనే చిన్న సంస్థ. 2005లో వాళ్లు తెచ్చిన ఈఎల్ఎం327 చిప్పు, కార్లు మాట్లాడే రకరకాల భాషలను మామూలు అక్షరాలుగా మార్చి ఇచ్చేది. మొదటి చిప్పులోని ప్రోగ్రాముకు కాపీ కాకుండా రక్షణ పెట్టుకోలేదు. నకళ్లు కుప్పలుగా వచ్చాయి. వాటికి బ్లూటూత్ తగిలించారు. ఈరోజు చౌకగా దొరికే స్కానర్లలో చాలావరకు ఆ నకళ్లే. అసలు సంస్థ 2022లో మూతపడింది.

సాకెట్ 16వ గడిలో బ్యాటరీ కరెంటు, 4వ గడిలో ఎర్త్ ఉంటాయి కాబట్టి స్కానర్‌కు వేరే వైరు అక్కర్లేదు. జత కలిపేటప్పుడు అడిగే సంఖ్య సాధారణంగా 1234. ఆపైన ఫోను "01 0సి" అని అడుగుతుంది, ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోందని. కారు "41 0సి 0సి 80" అంటుంది. చివరి రెండు జతలను మన లెక్కలోకి మారిస్తే 3200. నాలుగుతో భాగిస్తే నిమిషానికి 800 చుట్లు. నిలబెట్టిన బండి గుండెచప్పుడు అది.

మన దగ్గర 2010 ఏప్రిల్ 1న హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో భారత్ స్టేజ్-4 కాలుష్య నిబంధన మొదలైనప్పుడు ఓబీడీ తొలి దశ వచ్చింది. 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ. అంతకుముందరి బండ్లలో కొన్నింటికి అదే ఆకారపు సాకెట్ ఉన్నా, ఈ చిన్న స్కానర్‌కు జవాబివ్వకపోవచ్చు.

స్కానర్ కొన్నవాళ్లకు రెండు మాటలు. కోడ్ చెరిపేసే మీట చూడగానే నొక్కకండి. లోపం పడిన క్షణాన వేగమెంత, ఇంజన్ వేడెంత అన్నది కారు గుర్తుపెట్టుకుంటుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. చెరిపితే కోడ్‌తో పాటు ఆ సాక్ష్యమూ పోతుంది. బ్యాటరీ టెర్మినల్ ఊడదీసినా చాలాసార్లు అంతే. ముందు రాసుకోండి, తర్వాత చెరపండి. రెండోది, పని కాగానే స్కానర్ పీకేయండి. 2010లో వాషింగ్టన్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఇదే సాకెట్ గుండా ప్రవేశించి కారు బ్రేకులను తమ అదుపులోకి తెచ్చుకున్నారు. 2015లో కాలిఫోర్నియా బృందమే, అందులో గుచ్చి వదిలేసిన పరికరానికి ఎస్సెమ్మెస్‌లు పంపి ఒక కారు బ్రేకులతో ఆడుకుంది.

ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్లు వస్తున్నాయి. పొగ లేదు కనుక పొగ కోసం రాసిన నియమం వాటికి వర్తించదు. కొన్నింటిలో అదే 16 గళ్ల సాకెట్ ఉన్నా, అందరికీ అర్థమయ్యే ఉమ్మడి ప్రశ్నలకు జవాబు రాదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడు అడిగేది ఒక్కటే, బ్యాటరీలో సత్తువ ఎంత మిగిలిందని. 2026 మోడళ్ల నుంచి ఆ సంగతి యజమానికి చదవడానికి వీలుగా చూపాలని కాలిఫోర్నియా బోర్డు 2022లో నియమం చేసింది. 2025 జూన్‌లో అమెరికా ప్రభుత్వం ఆ నిబంధనలకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఆ రాష్ట్రం కోర్టుకెక్కింది.