రాడార్ కళ్లుగప్పే విద్య

పెడన, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాల వాళ్లకు రాడార్ కొత్త మాట కాదు. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే బందరు రాడార్ ఏం చెబుతోందని అందరూ చెవి ఒగ్గుతారు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. వేలాది మంది ప్రాణాలు పోయాయి. ఇప్పుడు బందరులో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది. అది పది సెంటీమీటర్ల నిడివిగల రేడియో తరంగాలను ఆకాశంలోకి పంపుతుంది. వాన చినుకులకు తగిలి వెనక్కి వచ్చే ప్రతిధ్వనిని బట్టి మేఘం ఎంత దూరంలో ఉందో, గాలి ఎటు లాగుతోందో లెక్కగడుతుంది.

మనను కాపాడే ఆ ప్రతిధ్వనే యుద్ధ విమానంలో ఉన్న పైలట్‌కు ప్రాణగండం. అతని విమానానికి తగిలిన తరంగం శత్రువు రాడార్‌కు తిరిగి చేరితే, దాని వెనకే క్షిపణి బయలుదేరుతుంది. ఆ ప్రతిధ్వనిని ముంచేయడం, లేదా దానికి అబద్ధాలు నేర్పడం జామర్ పని.

ఈ విద్య పెద్ద ఎత్తున ఫలించింది 1943 జులై 24 రాత్రి. జర్మనీలోని హాంబర్గ్ మీదికి బయలుదేరిన 791 బ్రిటిష్ బాంబర్లు దారి పొడవునా కాగితానికి అల్యూమినియం అతికించిన పట్టీలను కట్టలు కట్టలుగా జారవిడిచాయి. ఒక్కో పట్టీ పొడవు దాదాపు 27 సెంటీమీటర్లు. జర్మన్ల వుర్జ్‌బర్గ్ రాడార్ తరంగం పొడవులో అది దాదాపు సగం. సగం పొడవు లోహపు పట్టీ ఆ తరంగాన్ని అన్నిటికంటే గట్టిగా తిప్పికొడుతుంది. రాడార్ తెరలు వేలాది దొంగ ప్రతిధ్వనులతో నిండిపోయాయి. ఆ రాత్రి బ్రిటన్ పోగొట్టుకున్న విమానాలు పన్నెండే. అదే పద్ధతి చాఫ్ పేరుతో ఇప్పటికీ వాడుకలో ఉంది. సైన్యాలు విన్యాసాల్లో వదిలిన చాఫ్ ఒక్కోసారి వాతావరణ రాడార్లకు వాన మేఘంలా కనిపిస్తుంది కూడా.

పట్టీలు ఒక దారి, జామర్ ఇంకో దారి. దాని బలమంతా ఒక చిన్న లెక్కలో ఉంది. రాడార్ తరంగం విమానం దాకా వెళ్లాలి, తగలాలి, మళ్లీ వెనక్కి రావాలి. దూరం రెట్టింపైతే తిరిగొచ్చే ప్రతిధ్వని పదహారో వంతుకు పడిపోతుంది. జామర్ సంకేతానికి వెళ్లడమే తప్ప తిరిగి రావడం లేదు. దూరం రెట్టింపైనా అది నాలుగో వంతుకే తగ్గుతుంది. అందుకే దూరాన ఉన్నంతసేపు రెక్క కింద వేలాడే చిన్న జామర్ కూడా కొండంత రాడార్‌ను ముంచగలదు. దగ్గరయ్యే కొద్దీ ప్రతిధ్వని బలం పుంజుకుంటుంది. ఒక హద్దు దాటాక జామర్ ఎంత అరిచినా రాడార్ విమానాన్ని చూసేస్తుంది. దాడి పథకం వేసేవాళ్లు ఆ హద్దు ఎక్కడుందో ముందే తేల్చుకోవాలి.

అరవడం కంటే అబద్ధం చెప్పడం తెలివైన పని. నేటి జామర్లు తమ మీద పడిన రాడార్ సంకేతాన్ని డిజిటల్ జ్ఞాపకంలో పట్టుకుని, ఏ మార్పూ లేకుండా తిరిగి పంపుతాయి. అసలు ప్రతిధ్వని కంటే బలంగా రావడంతో రాడార్ దాన్నే నమ్ముతుంది. ఆ తరువాత జామర్ ప్రతిసారీ కొంచెం కొంచెం ఆలస్యం చేస్తుంది. ఆలస్యమంటే రాడార్ దృష్టిలో దూరం. విమానం వెనక్కి జరుగుతోందనుకుని రాడార్ దాని వెంటే చూపు జరుపుతుంది. చివరికి జామర్ ఆగిపోతుంది. రాడార్ గురిపెట్టిన చోట ఖాళీ ఆకాశం మిగులుతుంది.

చెప్పుకోవడానికి తేలికే. అలాంటి జామర్‌ను తయారుచేసి విమానంలో పెట్టడం మహా కష్టం. కాస్తంత జాగాలో ఎక్కువ శక్తి పుట్టించాలి, ఆ వేడిని బయటికి పంపాలి, కుదుపులకు తట్టుకోవాలి. పైగా శత్రు రాడార్‌ను వినే రిసీవర్ కూడా ఆ విమానంలోనే ఉంటుంది. జామర్ హోరులో సొంత చెవులే పనిచేయకపోవచ్చు. కాబట్టి జామర్ నడుమ నడుమ క్షణకాలం నోరు మూసుకుని వినాలి.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. జామర్‌కు శత్రువు రాడార్ల గురించి ముందే తెలిసి ఉండాలి. 1973 అక్టోబరు యుద్ధంలో ఇజ్రాయెల్ విమానాల్లో అమెరికా జామర్లు ఉన్నాయి. ఈజిప్టు, సిరియాల దగ్గర సోవియట్ కొత్త క్షిపణి శామ్-6 ఉంది. దాని రాడార్ తీరు ఆ జామర్లకు అంతుపట్టలేదు. ఆ యుద్ధంలో ఇజ్రాయెల్ దాదాపు వంద విమానాలు కోల్పోయింది. పాఠం నేర్చుకుని, 1982 జూన్‌లో బెకా లోయలో పైలట్ లేని విమానాలను ఎరగా పంపి సిరియా రాడార్లు వెలిగేలా చేసింది. వాటి సంకేతాలు పట్టుకుని ఆ క్షిపణి కేంద్రాలను దాదాపుగా తుడిచిపెట్టింది.

జామర్ పెట్టెను డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. పొరుగు దేశాల రాడార్ల చిట్టాను మాత్రం ఎవరూ అమ్మరు, అమ్మినా నమ్మలేం. దాన్ని మనమే ఏళ్ల తరబడి విని, పోగుచేసి, మన చేత్తోనే యంత్రంలో రాసుకోవాలి. ఈ రంగంలో స్వదేశీ తయారీ తప్పనిసరి అనడానికి ఇంతకంటే గట్టి కారణం అక్కర్లేదు.

మన దేశంలో ఆ పనికి పునాది పడింది హైదరాబాదులో. చాంద్రాయణగుట్టలోని డిఫెన్స్ ఎలక్ట్రానిక్స్ రీసెర్చ్ లేబొరేటరీ, డీఎల్ఆర్ఎల్, 1960ల తొలినాళ్ల నుంచీ ఇదే పనిలో ఉంది. సైన్యం కోసం ‘సంయుక్త’, నౌకాదళం కోసం ‘సంగ్రహ’ వ్యవస్థలకు రూపమిచ్చింది ఈ ప్రయోగశాలే. తయారీ కోసం 1986లో నాచారంలో భారత్ ఎలక్ట్రానిక్స్ హైదరాబాదు యూనిట్ వచ్చింది. విమానాల వైపు బెంగళూరు ప్రయోగశాల ముందుంది. ఇదివరకు డేర్ అని పిలిచిన ఆ సంస్థ పేరు ఇప్పుడు క్యాస్‌డిక్. శత్రు రాడార్ చూపు పడగానే పైలట్‌ను హెచ్చరించే ‘తరంగ్’ దాని సృష్టి. మిగ్-21 బైసన్‌లోనూ, సుఖోయ్-30లోనూ దాన్ని అమర్చారు. 2022 మార్చిలో రక్షణ శాఖ యుద్ధ విమానాల కోసం అధునాతన ఎలక్ట్రానిక్ యుద్ధ వ్యవస్థకు 1,993 కోట్ల రూపాయల ఒప్పందం కుదుర్చుకుంది. డిజైన్ క్యాస్‌డిక్‌ది, ఒప్పందం నాచారం యూనిట్‌తో.

ఇందులో కృష్ణా జిల్లా వాటా వేరు. జామర్ల తయారీ బందరులో జరగదు. ఇక్కడి పని కాంతితో. 1910లో జాతీయ కళాశాల, 1923లో ఆంధ్రా బ్యాంకు పుట్టిన ఊళ్లోనే, స్వదేశీ ఊపులో 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ వెలిసింది. కాలేజీలకు ప్రయోగశాల పరికరాలు చేసిన ఆ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. చీకట్లో చూపునిచ్చే రాత్రి దుర్భిణులు అక్కడ తయారవుతున్నాయి. పామర్రు దగ్గర నిమ్మలూరుకూ ఆ పని విస్తరించింది.

జామింగ్ దెబ్బ మనకూ తగిలింది. 2019 ఫిబ్రవరి 27న పాకిస్తాన్‌తో గగనతల పోరులో వింగ్ కమాండర్ అభినందన్ వర్ధమాన్ మిగ్-21 రేడియో జామ్ కావడం వల్ల, వెనక్కి తిరగమన్న ఆదేశం ఆయనకు అందలేదని వార్తలొచ్చాయి. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ తరువాత, పాకిస్తాన్ దగ్గరున్న చైనా గగనతల రక్షణ వ్యవస్థలను జామ్ చేసి 23 నిమిషాల్లో దాడి ముగించామని ప్రభుత్వం ప్రకటించింది. ఈ రెంటి నడుమ గడిచింది ఆరేళ్లు.

రాడార్లు మాత్రం ఆగడం లేదు. కొత్త రాడార్లు క్షణానికో పౌనఃపున్యం మారుస్తాయి, వందలాది చిన్న యాంటెన్నాలతో చూపును కనురెప్పపాటులో తిప్పేస్తాయి. వాటిని తికమకపెట్టాలంటే గాలియం నైట్రైడ్ చిప్‌లు, వేగంగా లెక్కలు కట్టే ప్రాసెసర్లు, అన్నింటికంటే ముందు మైక్రోవేవ్ చేతిపని తెలిసిన ఇంజినీర్లు కావాలి. పెడన నుంచి గుడివాడ వెళ్లే దారిలో గుడ్లవల్లేరు ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. అలాంటి కాలేజీల్లో ఈసీఈ చదివే పిల్లలకు సాఫ్ట్‌వేర్ కొలువుతోపాటు చాంద్రాయణగుట్ట, నాచారం దారి కూడా చూపించాలి. మూలపడిన మైక్రోవేవ్ బెంచీలు ఎక్కడున్నా వాటిని మళ్లీ నడిపించాలి. పక్క ఊళ్లోనే ఉన్న డాప్లర్ రాడార్ దగ్గరికి వాళ్లను ఒకసారి తీసుకెళ్లినా, పుస్తకంలో చదివిన ప్రతిధ్వని కళ్లకు కనిపిస్తుంది.