శారదా మీనన్

శారదా మీనన్ (1923 ఏప్రిల్ 5 – 2021 డిసెంబర్ 5) భారతదేశపు తొలి మహిళా మానసిక వైద్యురాలిగా పేరొందారు. మంగళూరులో మలయాళీ కుటుంబంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. బెంగళూరులో మానసిక వైద్యంలో శిక్షణ పొందారు.

1961లో మద్రాసు కీల్పాక్ మానసిక వైద్యశాలకు సూపరింటెండెంట్ అయ్యారు. ఆ పదవి చేపట్టిన తొలి మహిళ ఆమే. 1978లో పదవీ విరమణ చేశారు.

స్కిజోఫ్రీనియా రోగికి మందులతో పాటు పని, కుటుంబ ఆదరణ, సమాజంలో గౌరవం కూడా అవసరమని ఆమె నమ్మారు. ఆ నమ్మకంతోనే 1984లో చెన్నైలో స్కిజోఫ్రీనియా రీసెర్చ్ ఫౌండేషన్ (స్కార్ఫ్) స్థాపించారు. చికిత్స, పునరావాసం, పరిశోధనలను ఈ సంస్థ ఒకే చోటికి తెచ్చింది.

1992లో భారత ప్రభుత్వం ఆమెను పద్మభూషణ్‌తో గౌరవించింది. 98 ఏళ్ల వయసులో చెన్నైలో కన్నుమూశారు.