అలక: అయినవాళ్ల మీదే

ఆటో డ్రైవరు ఎక్కువ అడిగితే కోపం వస్తుంది; అలక రాదు. అలగాలంటే ఎదుటివాళ్లు అయినవాళ్లు కావాలి, బతిమాలతారన్న నమ్మకమూ ఉండాలి.

‘అలుగు’ క్రియకు చెందిన అలుకే వాడుకలో అలక అయింది. సంస్కృతం నుంచి వచ్చిన కోపం వేరు: దాని ధాతువు ‘కుప్’కి కలత చెందడం, ఉడికిపోవడం అని అర్థం. ఒంట్లో వాతపిత్తాలు పెచ్చరిల్లడాన్ని ఆయుర్వేదం ప్రకోపం అంటుంది.

అలకకు తెలుగువాళ్లు చోటు కూడా కేటాయించారు. పెళ్లిలో అల్లుడికి అలకపాన్పు వేస్తారు. కానుక అందాకే దిగుతాడు. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో పువ్వు రుక్మిణికి దక్కిందని సత్యభామ కోపగృహం చేరుతుంది. కృష్ణుడు కాళ్ల మీద పడితే ఎడమ కాలితో తన్నుతుంది కూడా!

మామూలు ఇళ్లలో అలక అన్నం మానేయడంగానో, ముభావంగానో కనిపిస్తుంది. అరుపుల కన్నా నయమే. కారణం చెప్పకుండా రోజుల తరబడి సాగితే మాత్రం దాన్ని అలక అనరు, పంతం అంటారు.