మేడ్చల్ - శామీర్‌పేట పురుగులు, పత్రికలు: ఒక గుమస్తా జ్ఞాపకం

సంఘం కార్యదర్శి గారు ఈ ప్రత్యేక సంచికకు మా ప్రాంత చరిత్ర మీద ఒక వ్యాసం వ్రాసి ఇమ్మన్నారు. కోటల గురించి, గుళ్ల గురించి, చెరువుల గురించి అందరూ వ్రాస్తారు గదా, నేను పురుగుల గురించి వ్రాస్తానన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. పురుగులకు చరిత్ర ఏమిటని పాఠక మిత్రులు కూడా అనుకోవచ్చు. కాని 36 సంవత్సరాల ఉద్యోగంలో నా మనస్సును ఇప్పటికీ పీడించే తప్పు ఒకటి చేశాను. అది పురుగులకూ, పత్రికలకూ సంబంధించినది. డెబ్బై అయిదో ఏట దానిని చెప్పుకోవడానికి మన సంచిక కంటె తగిన చోటు నాకు కనపడలేదు.

మాది శామీర్‌పేట దగ్గర ఒక చిన్న ఊరు. చిన్నతనంలో తొలకరి పడగానే చెలకల్లో ఎర్ర మఖమల్ గుడ్డ ముక్కలవలె ఆరుద్ర పురుగులు తిరిగేవి. వాటిని అగ్గిపెట్టెల్లో గడ్డిపోచలు వేసి దాచుకునేవాళ్లం. (శాస్త్రం ప్రకారం అది కీటకం కాదట. ఎనిమిది కాళ్లున్నది గనుక సాలీడుకు చుట్టం. మాకు మాత్రం పురుగే.) వాన వెలిసిన రాత్రి దీపం చుట్టూ ఉసిళ్లు ముసిరితే అన్నం తినడం కుదిరేది కాదు. దీపాన్ని వాకిట్లో పెట్టి, దాని కింద వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి ఉంచేవారు. చీకటి పడితే చెరువు కట్ట వెంబడి మిణుగురులు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మేడ్చల్‌లో సాయంకాలం బస్సు ఆగగానే డ్రైవరు తడిగుడ్డ తీసుకొని ముందు అద్దం తుడిచేవాడు. అంత దట్టంగా పురుగులు అంటుకొని ఉండేవి.

పురుగుతో మన ప్రాంతానికి పాత సంబంధమే ఉన్నది. 1897 ఆగస్టు 20న సికిందరాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమ కడుపును కోసి, సూక్ష్మదర్శినిలో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకం మొదలై, ఇంటింటికీ డి.డి.టి. పిచికారీ జరిగింది. మలేరియా బాగా తగ్గింది. ఆ మేలును మరచిపోరాదు. మందు వలన ప్రాణాలు నిలబడడం చూసిన తరం మాది. కనుకనే మందు మీద మాకు అంత నమ్మకం కుదిరింది.

తరువాత ద్రాక్ష వచ్చింది. అనాబ్-ఎ-షాహీ అనే రకం హైదరాబాదు పేరును దేశమంతటా చాటింది. మేడ్చల్, శామీర్‌పేట, కీసర వైపు పందిళ్లే పందిళ్లు. ఆ తరువాత తాంసన్ సీడ్‌లెస్ వచ్చింది. తెగులుకు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం, పిండినల్లికి వేరొక మందు. ఆకు మీద మందు మరక లేని తోటను చూసి ఇరుగుపొరుగు రైతులు "వీడు వ్యవసాయం మానేశాడా" అనేవారు. పిండినల్లిని తినే అక్షింతల పురుగులు కూడా ఆ మందుకే పోతున్నాయని చెప్పినవారు తక్కువ, విన్నవారు ఇంకా తక్కువ.

ఇక పత్రికల సంగతి. నేను 1972లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా చేరాను. కొంతకాలానికి నాకు పత్రికా కత్తిరింపుల సీటు ఇచ్చారు. ఉదయం తొమ్మిదిన్నరకు వచ్చి పత్రికలు తిరగవేసి, మా శాఖ మీద వచ్చిన వార్తలకు ఎర్ర పెన్సిలు గీత పెట్టి, కత్తిరించి, ఫుల్‌స్కేప్ కాగితాల మీద అంటించి పై అధికారి బల్ల మీద పెట్టాలి. "ప్రతికూల వార్తలు" అని ఒక ఫైలు, "అనుకూల వార్తలు" అని ఒక ఫైలు. నిజమైన వార్తలు, అబద్ధపు వార్తలు అనే విభజన ఎక్కడా లేదు. ఆ సంగతి నాకు చాలా ఏళ్లు తట్టలేదు.

పాలకులకు పత్రిక గిట్టకపోవడం మన గడ్డ మీద కొత్త కాదు. 1948 ఆగస్టులో ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను, భారత యూనియన్‌లో విలీనాన్ని సమర్థించి వ్రాసినందుకు, హైదరాబాదు నడివీధిలో చంపారు. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి వచ్చి, వార్తలు అచ్చుకు ముందే సెన్సారు బల్ల మీదికి వెళ్లాయి. ఆ రోజుల్లో ప్రతికూల వార్తల ఫైలు ఖాళీగా ఉంటే మా అధికారులు సంతోషించారు, పని తగ్గిందని నేనూ సంతోషించాను. 1983లో శాసనమండలి సమావేశపు వార్తకు "పెద్దల గలభా" అని శీర్షిక పెట్టినందుకు ఈనాడు మీద సభాహక్కుల వివాదం రేగి, 1984లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అటు పత్రికలూ నిష్పక్షపాతంగా ఉన్నాయని అనలేము. ఫలానా పత్రిక ఫలానా పార్టీది అని కార్యాలయంలో అటెండరు కూడా చెప్పగలిగే కాలం వచ్చింది.

1988 చివరలో ఒక వార్త వచ్చింది. మా వైపు ద్రాక్ష తోటల్లో కొట్టిన మందు గాలికి పక్క పొలాల మీద పడి తేనెటీగలు చచ్చిపోతున్నాయని, పొద్దుతిరుగుడు పువ్వు గింజ కట్టక తాలు పోతున్నదని దాని సారాంశం. పొద్దుతిరుగుడుకు తేనెటీగ వాలితేనే గింజ బాగా కడుతుంది. కాని విలేకరి అక్కడితో ఆగక, ఆ ప్రాంతంలో ఒక్క తేనెటీగ కూడా మిగలలేదని వ్రాశాడు. అది ప్రభుత్వానికి గిట్టని పత్రిక. ఎన్నికలు ఏడాది దూరంలో ఉన్నాయి. సాయంత్రం లోగా ఖండన సిద్ధం చేయమన్నారు.

నేను వ్రాశాను. "తేనెటీగలు మరణించినట్లు ఈ కార్యాలయమునకు ఎట్టి ఫిర్యాదు అందలేదు. కావున వార్త నిరాధారము." ఫిర్యాదు అందలేదన్నది అక్షరాలా నిజం. "కావున" అన్న ఆ ఒక్క మాటే అబద్ధం. పైగా ఆ పొలం మా చిన్నాయనది. అంతకు ముందు ఆదివారమే వెళ్లి, చెట్ల మొదళ్లలో రాలిన ఈగలను నా కళ్లతో చూసి వచ్చాను. ఆ మాట అధికారితో అనలేదు. అడగని సంగతి చెప్పే అలవాటు గుమస్తాకు ఉండదు.

ఖండన మూడో నాడు అచ్చయింది. సంక్రాంతికి ఊరు వెళితే చిన్నాయన అరుగు మీద కూర్చోబెట్టి అడిగాడు.

"పేపర్ల పడ్డది నువ్వు రాసినవా, బిడ్డా?"

"నేనే, చిన్నాయనా. పైనుంచి రాయమన్నరు."

"నీ కండ్లతోని చూసి పోతివి గదా. పేపరోడు ఒక్క ఈగ మిగల్లేదని రాసిండు, అది అబద్ధం. నువ్వు ఒక్కటి సావలేదని రాసినవు, అదీ అబద్ధమే. ఇగ నేనెవర్ని నమ్మాలె?"

నా దగ్గర జవాబు లేదు. ఎన్నికలు అయిపోయాక ఆ పత్రిక తేనెటీగల ఊసు మళ్లీ ఎత్తలేదు. రెండేళ్ల తరువాత ఒక పత్రిక వ్యవసాయ పేజీలో, పూత మీద ఉన్నప్పుడు ఈగలు తిరిగే ఉదయం వేళ మందు కొట్టవద్దని సలహా వచ్చింది. చాలా సరైన సలహా. చదివి వినిపిస్తే చిన్నాయన "ఏ పార్టీ పేపరు?" అని మాత్రం అడిగి, పంపు భుజానికెత్తుకొని వెళ్లిపోయాడు. ఆ అపనమ్మకంలో నా వాటా ఎంతో నాకు తెలుసు.

నిజానికి ఆ రోజుల్లోనే పెద్ద హెచ్చరిక వచ్చి ఉన్నది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి మీద శనగపచ్చ పురుగు విరుచుకుపడింది. కొత్తగా వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందులకు అది చావలేదు. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు దానికి మందును తట్టుకునే శక్తి వచ్చిందని నిరూపించారు. చావవలసిన పురుగు బ్రతికింది, దానిని తినే మిత్ర పురుగు చచ్చింది. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలతో ఆ పాఠం దేశానికంతటికీ తెలిసింది. ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం 2004లో పురుగు మందులు వాడబోమని ప్రకటించుకున్నది. అదీ మన తెలుగు రైతుల చరిత్రే.

పరాయి దేశాల్లోనూ ఇదే కథ. 1962లో అమెరికాలో రేచెల్ కార్సన్ అనే ఆమె పురుగు మందుల కీడు మీద పుస్తకం వ్రాస్తే, మందుల కంపెనీలు ఆమెను గాభరా మనిషి అన్నాయి. 2017లో జర్మనీ నుండి ఒక లెక్క వచ్చింది. క్రేఫెల్డ్ పట్టణపు కీటక సంఘం వారు, వారిలో చాలామంది మనవలె ఇతర ఉద్యోగాలు చేసుకునేవారు, 63 రక్షిత ప్రదేశాల్లో వల గుడారాలు కట్టి, చిక్కిన పురుగులను 27 ఏళ్లు తూకం వేసి నమోదు చేశారు. ఎగిరే పురుగుల తూకం నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గింది. రిజిస్టరు ఉంచినవారి మాట కనుక లోకం విన్నది.

2019లో ఇంకొక సమీక్ష వచ్చింది. నూరేళ్లలో పురుగులన్నీ అంతరించిపోవచ్చునని పత్రికలు పెద్ద అక్షరాలతో వేశాయి. అయితే ఆ సమీక్ష వ్రాసినవారు "తగ్గుదల" అన్న మాట ఉన్న పరిశోధనలనే వెదకి పోగు చేశారని తోటి శాస్త్రజ్ఞులు తప్పు పట్టారు. 2020లో మరింత జాగ్రత్తగా వేసిన లెక్కలో నేల మీది పురుగులు పదేళ్లకు సుమారు 9 శాతం చొప్పున తగ్గుతున్నాయని, మంచినీటి పురుగులు సుమారు 11 శాతం చొప్పున పెరుగుతున్నాయని తేలింది. అందులోనూ ఎక్కువ లెక్కలు ఐరోపా, అమెరికాలవే. ఇది చదివినప్పుడు నాకు 1988 గుర్తుకు వచ్చింది. ఒకరు తగ్గిన చోటనే వెదకారు, నేను అసలు వెదకలేదు.

పాలకులకూ పత్రికలకూ మధ్య అపనమ్మకం మాత్రం తగ్గలేదు. 2007లో వార్తల మీద కేసులు వేయడానికి అధికారులకు వీలు కల్పిస్తూ జీ.ఓ. 938 వచ్చింది, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో అటువంటిదే జీ.ఓ. 2430. 2014 జూన్‌లో తెలంగాణలో రెండు తెలుగు వార్తా ఛానళ్ల ప్రసారాన్ని కేబుల్ ఆపరేటర్లు నిలిపివేశారు. ఈ గొడవల నడుమ 2020 మే నెలలో మిడతల దండు మహారాష్ట్ర దాకా వచ్చిందని టీవీలు రాత్రింబవళ్లు చూపాయి. వచ్చే పురుగు వార్త అవుతుంది. పోయే పురుగు వార్త కాదు.

ఇప్పుడు మా వైపు ద్రాక్ష పందిళ్లు లేవు. తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ, శామీర్‌పేట మీదుగా అవుటర్ రింగ్ రోడ్డు, చిన్నాయన పొలంలో ప్లాట్లు. ఆయన పోయి పదేళ్లు దాటింది. రాత్రి కూడా పగలువలె దీపాలు. బస్సు అద్దం తుడిచే డ్రైవరు కనపడడు. దోమలు మాత్రం పుష్కలంగా ఉన్నాయి. ఎంత తగ్గింది, ఏవి తగ్గాయి, మందు వల్లనా, కాంక్రీటు వల్లనా అంటే నేను చెప్పలేను. మా ఊరి పురుగులకు రిజిస్టరు ఎవరూ ఉంచలేదు. ప్రతి ఏటా మనం బ్రతికే ఉన్నామని ధ్రువపత్రం ఇస్తే గాని పెన్షన్ ఇవ్వరు. వాటికి ఆ పాటి పత్రం కూడా లేదు.

పెన్షనరు మిత్రులకు ఒక మనవి. మనకు చేతి వ్రాత ఉన్నది, తేదీ వేసే అలవాటు ఉన్నది, తీరిక ఉన్నది. ఒక నోటు పుస్తకం తీసుకొని, వాకిట్లో, పార్కులో, చెరువు కట్ట మీద చూసిన పురుగును చూసినట్లు వ్రాయండి. ఎక్కువ చేయవద్దు, తక్కువ చేయవద్దు. మనుమలను తోడు తీసుకొని వెళ్లండి. రేపు పత్రిక ఒకటి అని, సర్కారు మరొకటి అంటే, మన పిల్లలు తెరిచి చూసుకోవడానికి ఒక కాగితం ఉంటుంది.

నేను ఈ సంవత్సరమే మొదలు పెట్టాను. మొదటి పేజీలో ఇలా ఉన్నది: ఆరుద్ర కార్తె, వాన వెలిసిన ఉదయం, శామీర్‌పేట చెరువు పక్క చెలక, మనుమరాలితో కలిసి అరగంట వెదకితిమి. ఆరుద్ర పురుగులు నాలుగు కనపడినవి. మేము చూడని చోట ఎన్ని ఉన్నవో తెలియదు.