న్యాయాధికారికి దొరకని న్యాయము

ఇంగ్లండున ప్రతీకార నాటకములకు త్రోవ వేసిన కృతి తామస్ కిడ్ రచించిన ‘స్పానిష్ ట్రాజెడీ’. 1592 నాటికే లండనులో దానిని ప్రదర్శించుచుండిరి. కథానాయకుడగు హైరోనిమో స్పెయిను రాజుకొలువున న్యాయాధికారి. ఆతని కుమారుడు హొరేషియోను ఇంటి తోటలోనే ఉరివేసి, పొడిచి చంపిరి. హంతకులలో నొకడు రాజసోదరుని కుమారుడు లొరెంజో; మఱియొకడు పోర్చుగల్ యువరాజు.

హైరోనిమో తొందరపడి కత్తి దూయలేదు. నెత్తుటితో వ్రాసిన లేఖ యొకటి హంతకుల పేర్లు తెలిపినను, మోసమేమోయని శంకించి సాక్ష్యము వెదకెను. ఇంతలో వేఱొక హత్యకై లొరెంజో పురికొల్పిన సేవకునికి ఆతడే ఉరిశిక్ష విధింపవలసివచ్చెను. సేవకుడు ఉరికంబ మెక్కెను. ప్రేరేపించిన ప్రభువు నగరునందే సుఖముగ నుండెను. రాజునకు మొఱపెట్టుకొనబోగా లొరెంజోయే అడ్డుపడెను.

ఇందు నాకు మిగుల దారుణముగ తోచునది హత్య కాదు. కొడుకును పోగొట్టుకొన్న వృద్ధు డొకడు అర్జీతో రాగా, హైరోనిమో ఆ దుఃఖమున తన దుఃఖమునే చూచి, తక్కిన వ్యాజ్యదారుల పత్రములను పండ్లతో చించివైచును. తనకు తెరవని ధర్మాసనమును పరులకును మూసివైచెనన్నమాట!

స్వయముగ పగ తీర్చుకొనుటను ఆనాటి ఆంగ్లశాసనము హత్యగనే యెంచెడిది. హైరోనిమో తుదకు ఆ దారినే పట్టెను. రాజసభలో నాటకమాడు నెపమున లొరెంజోను నిజముగనే పొడిచెను. అంతటితో నాగెనా? కలము చెక్కుటకని అడిగి పుచ్చుకొన్న కత్తితో లొరెంజో తండ్రినిగూడ చంపి, తానును మరణించెను. హైరోనిమోకు రాజదర్శన మేల అడ్డగించుచున్నావని అంతకుముందు కుమారుని నిలదీసినవాడు ఆ తండ్రియే.