ఎడారిలో దాహం: ఫోన్లో తిరిగే చిట్కాలు, జరిగిన చరిత్ర

పోస్టు పొడుగు. శుక్రవారం తీరిగ్గా చదువుకోండి.

ఎండలు మొదలయ్యాయంటే ఫోన్లో ఒకటే వీడియోలు. ఎడారిలో చిక్కుకుంటే నీ మూత్రం నువ్వే తాగు, ఒంటెని కోసి కడుపులో నీళ్ళు తాగు, గుంత తవ్వి ప్లాస్టిక్ కవరు కప్పు, ఉన్న నీళ్ళు గుక్కెడు గుక్కెడు పొదుపు చెయ్యి. ఏసీ గదిలో కూర్చుని చూసేవాళ్ళకి అది కాలక్షేపం. మనలో గొర్రెలు కాసేవాళ్ళున్నారు, టవర్ల పనికి, పైపులైన్ పనికి పికప్ వేసుకుని రోడ్డు లేని చోటికి వెళ్ళేవాళ్ళున్నారు. 2024లో సౌదీ రబ్ అల్ ఖాలీలో దారి తప్పి, పెట్రోలు అయిపోయి మనవాడొకడు, తోడున్న పనివాడు చనిపోయిన వార్త మనందరి ఫోన్లకీ వచ్చింది. అందుకే ఈ చిట్కాలు ఎక్కడ పుట్టాయి, నిజంగా పనిచేశాయా అని కొన్నాళ్ళుగా వెతికి చదువుతున్నాను. నేను చదివింది పదో తరగతే, డాక్టర్ని కాను. కానీ ఇందులో చాలా సంగతులు డాక్టర్ల కన్నా మనకే బాగా అర్థమవుతాయి.

ముందు మూత్రం సంగతి. 1905 ఆగస్టులో అమెరికాలో అరిజోనా ఎడారిలో జరిగింది ఇది. మెక్సికో సరిహద్దు పక్కన తినహాస్ అల్తాస్ అని ఒక చోటుంది. కొండరాళ్ళలో సహజంగా ఏర్పడిన తొట్లలో వాన నీళ్ళు నిలుస్తాయి. ఆ దారికి దయ్యపు దారి అని పేరు. ఆ తొట్ల దాకా చేరలేక చచ్చిపోయినవాళ్ళ సమాధులు దారంతా ఉండేవట. అక్కడ మెక్‌గీ అనే శాస్త్రవేత్త ఆ వేసవంతా మకాం వేశాడు. పాబ్లో వలెన్సియా అని నలభై ఏళ్ళ మెక్సికో మనిషి బంగారు గని వెతుక్కుంటూ ఒక్క రోజుకి సరిపడా నీళ్ళతో లోపలికి వెళ్ళాడు. తోడు వెళ్ళినవాడు, ఇతను ఒకరినొకరు తప్పిపోయారు. దాదాపు ఏడు రోజులు చుక్క నీళ్ళు లేకుండా, 160 కిలోమీటర్లకు పైగా నడిచి, ఆఖరికి పాక్కుంటూ వచ్చాడు. ఒకరోజు తెల్లవారుజామున మెక్‌గీకి ఎద్దు రంకె లాంటి అరుపు వినబడి లేచి చూస్తే, అది ఈ మనిషి.

ఒంటి మీద బట్ట లేదు. పెదాలు ఎండిపోయి లేనట్టే ఉన్నాయి, చిగుళ్ళు నల్లబడ్డాయి. ముళ్ళు, రాళ్ళు కోసిన గాయాల నుంచి రక్తం కూడా రావట్లేదు. ఒంటి బరువులో నాలుగో వంతు పోయింది. నీళ్ళు పట్టాక ఆ గాయాల నుంచి రక్తం కారడం మొదలైందట. బతికాడు, కోలుకున్నాడు. 1906లో మెక్‌గీ ఇదంతా డాక్టర్ల పత్రికలో రాశాడు. దాహం అనే జబ్బు మనిషిని ఏ వరసలో తింటుందో అంత వివరంగా అప్పటిదాకా ఎవరూ రాయలేదు.

వలెన్సియా ఆ రోజులన్నీ తన మూత్రం తాగాడు. వీడియోలవాళ్ళు పట్టుకునేది ఈ ఒక్క ముక్కనే. మూత్రం తాగాడు, బతికాడు, కాబట్టి మూత్రమే బతికించింది అంటారు. కిడ్నీ చేసే పనేంటి? ఒంట్లో అక్కర్లేని ఉప్పుని, మురికిని కొంచెం నీళ్ళలో కలిపి బయటికి తోయడం. ఆ నీళ్ళు మళ్ళీ లోపల పోస్తే అదే ఉప్పు మళ్ళీ లోపలికి వస్తుంది, దాన్ని తోయడానికి కిడ్నీకి మళ్ళీ నీళ్ళు కావాలి. మొదటి రోజు ఒంట్లో నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు పోసే మూత్రం పల్చగా ఉంటుంది, అది కొంచెం నయం. మూడో రోజుకి అది టీ డికాషన్ రంగుకి వస్తుంది. అప్పుడు తాగితే ఒరిగేది లేదు. వలెన్సియాని బతికించింది ఎక్కువగా రాత్రిళ్ళు నడిచి పగలు పడుకోవడం, ఎడారికి అలవాటైన గట్టి ఒళ్ళు, మకాం దగ్గరికొచ్చేసరికి నీళ్ళు పట్టే మనిషి ఉండటం. మూత్రం తాగి కూడా చచ్చిపోయినవాళ్ళు ఎందరో. చచ్చినవాళ్ళు వీడియో చెయ్యరు కదా.

1994లో ఇటలీ పరుగువీరుడు మౌరో ప్రోస్పెరి మొరాకో ఎడారి పందెంలో ఇసుక తుఫానులో దారి తప్పి అల్జీరియాలో తేలాడు. తొమ్మిది రోజులకు పైగా తిరిగాడు. అతనూ మూత్రం తాగాడు, గబ్బిలాల రక్తం తాగాడు. కానీ నీడలో ఆగడం, చల్లటి వేళల్లోనే నడవడం కూడా చేశాడు.

ఒంటె కథ తేలిక. ష్మిట్-నీల్సన్ అనే శాస్త్రవేత్త 1953లో అల్జీరియాలో బేనీ అబ్బెస్ ఊరికి పోయి ఒంటెల మీద పరిశోధన చేశాడు. మూపురంలో ఉండేది కొవ్వు. కడుపులో నీళ్ళ ట్యాంకు లేదు, నమిలిన గడ్డి రసం ఉంటుంది, దానిలో ఉప్పు మన రక్తంలో ఉన్నంత. ఒంటె గొప్పతనం నీళ్ళు దాచుకోవడంలో లేదు, తక్కువ పోగొట్టుకోవడంలో ఉంది. పైగా యజమాని ఒంటెని కోస్తే దాహం కన్నా ముందు కేసు మనల్ని చంపుతుంది.

గుంత, ప్లాస్టిక్ కవరు. ఇది మాత్రం సరైన శాస్త్రవేత్తల చేతుల్లోంచి వచ్చిందే. 1965లో ఫీనిక్స్‌లో జాక్సన్, వాన్ బావెల్ అనే ఇద్దరు సైన్స్ పత్రికలో రాశారు. మీటరు వెడల్పు గుంత తవ్వి, మధ్యలో గిన్నె పెట్టి, పైన పల్చటి ప్లాస్టిక్ కప్పి నడుమ రాయి పెడితే ఎండకి మట్టిలో తడి ఆవిరై, కవరుకి పట్టి గిన్నెలో పడుతుంది. రోజుకి లీటరున్నర దాకా వచ్చిందన్నారు. సైన్యాల పుస్తకాల్లోకి కూడా ఎక్కింది. అబద్ధం కాదు. కానీ మట్టిలో తడి ఉండాలి, లేదా కోసి వెయ్యడానికి పచ్చటి కాక్టస్ ఉండాలి. మన ఇసుకలో ఏముంది? ఎర్తింగ్ గుంత తవ్విన ఏ హెల్పర్‌నైనా అడగండి, అంత గుంత తవ్వడానికి ఎంత చెమట పోతుందో. లీటరు ఖర్చు పెట్టి అర గ్లాసు సంపాదించడం అది.

నన్ను బాగా ఆలోచింపజేసింది నాలుగోది, నీళ్ళ పొదుపు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం ఎడారి యుద్ధానికి కాలిఫోర్నియా ఎడారిలో జవాన్లకి శిక్షణ ఇచ్చింది. తక్కువ నీళ్ళిచ్చి అలవాటు చేస్తే తక్కువ నీళ్ళతోనే పనిచేస్తారని అప్పట్లో చాలామంది ఆఫీసర్ల నమ్మకం. రాచెస్టర్ యూనివర్సిటీ నుంచి ఎడాల్ఫ్ అనే ఆయన బృందం 1942 నుంచి అక్కడే జవాన్లని నడిపించి, తూకం వేసి, చెమట కొలిచి చూసింది. 1947లో పుస్తకం వచ్చింది.

ఏం తేలింది? నీళ్ళు తాగకపోయినంత మాత్రాన చెమట తగ్గదు. ఒళ్ళు తక్కువ నీళ్ళకి అలవాటు పడదు. సీసాలో దాచినా, కడుపులో పోసినా ఆ నీళ్ళు ఒకటే. దాచుకున్నవాడు సీసాలో నీళ్ళుండగానే కళ్ళు తిరిగి పడిపోతాడు. దాహం తీరిందనుకున్నవాళ్ళు కూడా పోయిన చెమటకి సరిపడా తాగలేదు. చొక్కా విప్పినవాడికి ఎండలో ఇంకా ఎక్కువ చెమట పోయింది. బట్ట కప్పుకున్నవాడికి తక్కువ. ఇంకో లెక్క గుండె జారేలా ఉంటుంది: 49 డిగ్రీల వేడిలో నీళ్ళు లేకుండా నీడలో కదలకుండా పడుకుంటే సుమారు రెండు రోజులు. దగ్గర నాలుగు లీటర్లుంటే రెండున్నర. నడక మొదలుపెడితే ఒక రోజు. పొదుపు చెయ్యాల్సింది చెమటని, నీళ్ళని కాదు.

సైట్లో నీళ్ళ క్యాన్ దగ్గరికి రెండుసార్లు వెళ్తే మొహం ముడుచుకునే ఫోర్‌మన్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఆఫీసర్ల వారసులే వీళ్ళు.

మన పనివాళ్ళ చరిత్ర కూడా ఇందులో ఉంది. 1931 వేసవిలో హూవర్ డ్యామ్ కట్టేటప్పుడు 48, 49 డిగ్రీల ఎండ. కూలీల ఇళ్ళు పూర్తికాలేదు, కుటుంబాలతో డేరాల్లో ఉన్నారు, తాగడానికి బురద నది నీళ్ళు. ఒక్క నెలలోనే వేడికి పదిమందికి పైగా చనిపోయారు. ఆగస్టులో సమ్మె చేశారు. వాళ్ళ కోరికల్లో ఒకటి పనిచేసే చోట చల్లటి నీళ్ళు. సమ్మె నెగ్గలేదు గానీ వసతులు కొంత మారాయి. మరుసటి ఏడు హార్వర్డ్ నుంచి పరిశోధకులు వచ్చి, చెమటతో ఉప్పు పోతోంది, తిండిలో ఉప్పు పెంచమన్నారు. తర్వాత చాలా ఫ్యాక్టరీల్లో, సైట్లలో ఉప్పు మాత్రల డబ్బాలు వేలాడాయి. నీళ్ళు లేకుండా ఉప్పు మాత్ర మింగితే అది కడుపులోకే నీళ్ళు లాగుతుంది, వాంతి వస్తుంది. అందుకే మాత్రలు పోయి ఓఆర్ఎస్ వచ్చింది. మజ్జిగలో ఉప్పు వేసుకునే మనవాళ్ళకి ఇది కొత్తేం కాదు. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని మా అమ్మ ఇప్పటికీ ఫోన్లో చెప్తుంది. సరే అంటాను. పెరుగన్నంలో నంజుకుంటాను.

కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు బయట పని ఆపాలి. ఖతార్‌లో 10 నుంచి 3:30, యూఏఈలో 12:30 నుంచి 3. ఆ గంటల్లో పని చెయ్యమంటే వద్దనే హక్కు మీకుంది.

రోడ్డు దిగి లోపలికి వెళ్ళే డ్రైవర్ తమ్ముళ్ళు ఒక్కొక్క మనిషికి కనీసం పది లీటర్లు బండిలో వేసుకోండి. ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో రూములో ఒకరికి చెప్పి వెళ్ళండి. ఆగిపోతే బండి నీడ వదలకండి. మనిషి కన్నా బండి పైనుంచి త్వరగా కనబడుతుంది. దాహమేస్తే తాగండి. సిగ్నల్ ఉన్నప్పుడే ఫోన్ చెయ్యండి, ఛార్జింగ్ అయిపోయేదాకా ఆగకండి. కువైట్‌లో 112, యూఏఈ, ఖతార్‌లలో 999.