ఆకలి లెక్క, తూనిక లెక్క

ఆదోని పత్తి వ్యాపారమునకు పేరుపొందిన పట్టణము. అచ్చట ప్రతి పత్తి మూటకును కాటా ఉన్నది, ప్రతి గింజల బస్తాకును తూనిక ఉన్నది. సరకు బరువు తెలిసికొనుట ఆ సీమవారికి తాతల నాటి విద్య. మనిషి బరువును లెక్క చూచుకొను అలవాటు మాత్రము నిన్న మొన్నటిది. మనిషి చిక్కినాడో, ఒళ్లు చేసినాడో కంటితోనే పోల్చుకొనెడివారు. నేడు ఆ లెక్క చాలుట లేదు. అధికమైన బరువు వలన మధుమేహము, రక్తపు పోటు, కీళ్లనొప్పులు కలిగి, తుదకు జీర్ణకోశమును తగ్గించు శస్త్రచికిత్స చేయించుకొనువారు మన జిల్లాలలోను కలరు. చికిత్స జరిగిన తరువాత బరువు తగ్గుట మొదటి మెట్టు. తగ్గిన బరువును నిలుపుకొనుట రెండవ మెట్టు. ఈ రెండవ మెట్టే కష్టమైనది. అది ఏల కష్టమో తెలియవలెనన్న, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల కరవు చరిత్రను ఒకమారు తిరుగవేయుట మేలని మా తలంపు.

ఈ ప్రాంతము 1800లో నిజాము దత్తముగా కుంఫిణీ వారి చేతికి వచ్చినది. 1808 మొదలు బళ్ళారి జిల్లాలో చేరియుండెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిసినవి. ఎమ్మిగనూరు ఆనాడు ఆదోని తాలూకాలోనిదే. నల్లరేగడి నేల, వాన తక్కువ, వచ్చిన వానయు నమ్మకము లేనిది. జొన్న, కొర్ర, సజ్జ ఈ సీమ కడుపు నింపిన ధాన్యములు. వాన వచ్చిన ఏడు జొన్నరొట్టె, రాని ఏడు గంజి. ఇదియే చాలకాలము ఇచ్చటి ఆహార చరిత్ర.

ఆ చరిత్రలో మిక్కిలి చీకటి ఘట్టము 1876-78 నాటి కరవు. 1876 తెలుగు లెక్కకు ధాత సంవత్సరము. అందుచేత దానిని ధాత కరవు అనిరి. ఆ ఏడు వానలు తప్పినవి. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ముందుగా కూలినవి. మదరాసు నుండి బొంబాయికి పోవు ఇనుపదారి 1871 నాటికే రాయచూరు వద్ద కలిసియుండెను. ఆదోని ఆ దారిలోనిదే. కనుక గింజలు రైలుపై రాగలవు. కాని వచ్చిన గింజలను కొనుటకు పేదవాని చేతిలో కాసు లేకపోయెను. ధరలు పెరిగెను, పని పోయెను, పశువులు చచ్చెను. జనులు రోడ్లు వేయు పనులకును చెరువుల పనులకును కూలికై గుంపులు గుంపులుగా పోయిరి. 1871, 1881 జనాభా లెక్కలను పోల్చి చూచిన, బళ్ళారి జిల్లా జనసంఖ్య ఎంత తరిగెనో తెలియును.

ఆ సమయముననే మనిషి దేహమునకు ఎంత తిండి కావలెనన్న ప్రశ్న రాజకీయ వివాదమైనది. ఇండియా ప్రభుత్వము 1877 జనవరిలో సర్ రిచర్డు టెంపుల్ అను అధికారిని కరవు ప్రతినిధిగా దక్షిణమునకు పంపెను. ఖర్చు తగ్గించుట ఆయన కర్తవ్యము. పనిచేయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము కొనుటకు చాలిన సొమ్మును, పైన కొద్దిపాటి చిల్లరయు చాలునని ఆయన నిర్ణయించెను. ఒక పౌను అనగా సుమారు 450 గ్రాములు. స్త్రీలకును పిల్లలకును అంతకన్న తక్కువ. ఇది చరిత్రలో టెంపుల్ కూలి అను పేర నిలిచిపోయినది.

మదరాసు రాజధానికి ఆరోగ్యశాఖ కమిషనరైన డాక్టర్ కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించెను. ఆయన 1863లోనే ఈ రాజధాని ప్రజల ఆహార స్వభావమును గూర్చి నివేదిక ప్రకటించినవాడు. చెరసాలల భోజన లెక్కలు తెలిసినవాడు. ఆయన వాదము సారాంశములో ఇది. కడుపు నిండినదా అని మాత్రమే చూచుట చాలదు. ఆ తిండిలో దేహమును నిర్మించు పదార్థము ఉన్నదా అని చూడవలెను. వట్టి బియ్యము, వట్టి జొన్నలు తిని మన్ను మోయువాడు తన కండనే కరిగించుకొనును. పప్పు చేరవలెను. పనికి తగిన తిండి కావలెను. క్షీణత ముందుగా కంటికి కనిపించదు. అది కనిపించునాటికి విరేచనములు, నీరుపట్టుట వచ్చి మనిషి చేయిదాటిపోవును. 1877 వేసవిలో మదరాసు ప్రభుత్వము ఆ తక్కువ కూలిని విడిచి మరల పెంచెను. ఆపైన నియమించిన కరవు సంఘము 1880లో నివేదిక ఇచ్చెను. దానిననుసరించి 1883లో కరవు నిబంధనావళి ఏర్పడెను. మనిషి ఆహారమునకు రాశి వేరు, గుణము వేరు అను సత్యము ఈ సీమ ఎముకలపై వ్రాయబడినదని చెప్పినను తప్పు కాదు.

ఎమ్మిగనూరు మాటయు చెప్పవలెను. అది నేతగాండ్ర ఊరు. కరవు వచ్చినప్పుడు జనులు మొదట మానుకొనునది క్రొత్త బట్ట. అందుచేత పొలము లేని నేతగానికి రైతుకన్న ముందే ఆకలి తగులును. గునపము పట్టి ఎరుగని చేతులకు రోడ్డు పని సాగదు. ఈ బాధ ఎరిగిన ఊరిలో మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘమును స్థాపించిరి. ఆయనకు 1954లో పద్మశ్రీ లభించినది. గుంట మగ్గముపై కూర్చుండి కాళ్లతో త్రొక్కుచు, చేతులతో నాడె ఆడించుచు పగలెల్ల నేయు పని దేహమును కదలక యుండనీయదు. పొలములో దంతె తోలుటయు, పత్తి తీయుటయు అట్టివే. ఆ పనుల లెక్కకు తగినదే జొన్నరొట్టె లెక్క.

ఇప్పుడు లోకము వైపు చూతము. రెండవ ప్రపంచ యుద్ధము ముగియు కాలమున, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగము చేసెను. ఆయుధము పట్టుటకు నిరాకరించిన 36 మంది యువకులు స్వచ్ఛందముగా ముందుకు వచ్చిరి. 24 వారములు వారికి సగము కడుపు తిండి పెట్టిరి. వారి బరువు సుమారు నాలుగవ వంతు తగ్గెను. దేహోష్ణము తగ్గెను, నాడి మందగించెను, మనస్సు రాత్రింబగళ్లు తిండి చుట్టే తిరిగెను. మరల తిండి దొరికినప్పుడు ఆకలి తీరక, పోయిన కొవ్వుకన్న మించి కొవ్వు చేరినవారును కలరు. కరవు నెదిరించుటకే దేహము ఇట్లు ఏర్పడినది. బరువు తగ్గినచో అది ఖర్చు తగ్గించును, ఆకలి హెచ్చించును. దానికి కరవు వేరు, వైద్యుడు చెప్పిన పథ్యము వేరు అని తెలియదు.

అదే మిన్నెసోటాలో 1954లో క్రెమెన్, లిన్నర్ మున్నగు శస్త్రవైద్యులు చిన్నప్రేగులో పెద్దభాగమును తప్పించి కలుపు చికిత్సను వెల్లడించిరి. బరువు తగ్గెను, కాని విరేచనములు, పోషకలోపము, కాలేయపు జబ్బు వచ్చుటచే ఆ పద్ధతిని తరువాత విడిచిరి. ఒక విధముగా అది కూడ టెంపుల్ లెక్కయే: తగ్గినది ఎంత అని చూచిరి, తగ్గరానిది ఏది అని చూడరైరి. పుండు కారణముగా జీర్ణకోశములో కొంత తీసివేసిన రోగులు బరువు పెరుగకుండుట గమనించి, అయోవా రాష్ట్రమున ఎడ్వర్డు మేసన్ 1966లో గ్యాస్ట్రిక్ బైపాస్ ఆరంభించెను. 1990 దశకములో చిన్న రంధ్రముల ద్వారా దుర్భిణితో ఈ చికిత్స చేయుట వచ్చినది. నేడు ఎక్కువగా వాడుకలోనున్న స్లీవ్ పద్ధతిలో జీర్ణకోశములో ముప్పాతిక భాగమునకు పైగా తీసివేసి, సన్నని గొట్టము వలె మిగిల్తురు. 1999లో జపాను శాస్త్రజ్ఞులు జీర్ణకోశము నుండి పుట్టి ఆకలి రేపు గ్రెలిన్ అను హార్మోనును కనుగొనిరి. దీనితో ఈ చికిత్స సంచి చిన్నది చేయుట మాత్రమే కాదనియు, ఆకలి కబురునే మార్చుననియు బోధపడినది.

ఐనను కబురు పూర్తిగా ఆగదు. స్వీడను దేశమున 1987లో ఆరంభమైన గొప్ప పరిశీలనలో శస్త్రచికిత్స పొందినవారు సుమారు రెండువేల మంది. రెండేండ్లకు వారి బరువు సగటున నూటికి 23 వంతులు తగ్గెను. పదియేండ్లకు ఆ తగ్గుదల 17 వంతులుగా నిలిచెను. ఇరువదియేండ్లకు 18 వంతులు. అనగా కొంత తిరిగి వచ్చుట సహజము. పెద్దభాగము నిలుచుటయు సాధ్యము. చికిత్స లేనివారికన్న వారిలో మరణములు తక్కువని 2007లో వెల్లడించిరి. కొంత బరువు తిరిగి వచ్చినవాడు సిగ్గుతో వైద్యుని మొగము తప్పించుకొని తిరుగుట తగదనుటకు ఇదియే నిదర్శనము.

మన సీమకు మరల వత్తము. 1953లో తుంగభద్ర ఆనకట్ట నీరు పారనారంభించినది. దిగువ కాలువ ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములకు తడి తెచ్చినది. 1983లో ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము ఇచ్చినది. కరవు భయము తొలగుట గొప్ప మేలు. దానిని తక్కువ చేసి మాటాడువాడు ఆకలి ఎరుగనివాడు. కాని జొన్న, కొర్ర కంచము నుండి తొలగి, తెల్లబియ్యము కంచము నిండినది. మగ్గము, దంతె విడిచి కుర్చీలో కూర్చుండు పనులు హెచ్చినవి. పైగా మన దేశీయుల దేహమున, బరువు పైకి అంతగా కనిపించకున్నను, నడుము చుట్టు కొవ్వు చేరి మధుమేహము తెచ్చును. అందుచేతనే ప్రపంచారోగ్యసంస్థ నిపుణులు 2004లో ఆసియావారికి ఎత్తు, బరువుల సూచికలో 23 దాటినప్పటి నుండియే జాగ్రత్త పడవలెనని సూచించిరి.

ఈ చరిత్ర అంతయు శస్త్రచికిత్స చేయించుకొని ఇల్లు చేరినవానికి ఏమి చెప్పుచున్నది? మొదటిది కార్నిష్ పాఠము. ఇప్పుడు కడుపు చిన్నది. నాలుగు ముద్దలతో నిండును. ఆ నాలుగు ముద్దలలో ముందు పప్పో, గ్రుడ్డో, పెరుగో, చేపయో పోవలెను. అన్నమో రొట్టెయో తరువాత. దినమునకు కనీసము 60 గ్రాముల మాంసకృత్తులు కావలెనని సామాన్యముగా వైద్యులు చెప్పుదురు. అది లేనిచో కొవ్వుతోబాటు కండయు కరుగును. ఇనుము, కాల్షియము, విటమిన్ డి, బి-12 జీవితాంతము చూచుకొనవలసినవి. వాంతులు ఆగకున్నచో బి-1 విటమిను లోపించి నరములకు హాని కలుగును. అట్టివాడు ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. స్త్రీలు మొదటి ఏడాది, ఏడాదిన్నర గర్భము ధరింపకుండుట మేలు.

రెండవది, మెత్తగా జారిపోవు తిండిని గూర్చి జాగ్రత్త. రొట్టెను నమలవలెను; అది తానే ఆపుచేయును. చక్కెర పానకములు, ఐస్‌క్రీములు, మిఠాయిలు చిన్న సంచిలో నుండి సులభముగా జారిపోవును, లెక్కకు అందవు. ఉగ్గాని ఒక పిడికెడు తినవచ్చును. దాని ప్రక్కన వచ్చు మిరపకాయ బజ్జీలను చూచుకొనవలెను. ఓళిగ పండుగనాడు తుంచి రుచి చూచుటకే. భోజనముతో నీరు త్రాగక, కొంత ఎడముగా త్రాగవలెను. నడక మానరాదు. వారమునకొకమారు తూచుకొనవలెను, బరువు మెల్లగా ఎక్కుచున్నచో మూడు నాలుగు కిలోలకే వైద్యుని అడుగవలెను, ఇరువది కిలోలకు కాదు.

మూడవది ఇంటివారికి. చిక్కిన మనిషిని చూచినచో మన పెద్దల గుండె ఝల్లుమనును. “ఏమప్పా, ఇంత చిక్కిపోతివే, ఇంకొక రొట్టె వేసుకో” అని పెద్దమ్మ అనును. ఆ మాటలో ప్రేమ ఉన్నది. దాని వెనుక ధాత కరవు నాటి భయమును ఉన్నది. చిక్కుట అనగా చావునకు దగ్గరగుట అని తరతరములు కన్న సీమ ఇది. ఆ పెద్దమ్మను కసరుట వలన ప్రయోజనము లేదు. చికిత్స చేయించుకొన్నవానిని ఆసుపత్రికి తీసికొనిపోవునాడు ఆమెను గూడ వెంట తీసికొనిపోయి, వైద్యుని చేతనే చెప్పించుట మంచిది. రెండవ రొట్టె పెట్టు చేయియే కొర్రల అన్నములో గట్టిపప్పు వేసి చిన్న గిన్నెలో పెట్టును. ప్రేమకు పాత్ర మారును, ప్రేమ మారదు.

ఒకనాడు ఈ సీమలో మనిషికి పౌను గింజలు చాలునా అని వాదించిరి. నేడు అదే సీమలో, నాలుగు ముద్దల కడుపుతో ఒక జీవితకాలము ఆరోగ్యముగా నడుచుట ఎట్లు అని అడుగుచున్నారు. రెండింటికిని జవాబు ఒక్కటే: ఎంత అను ప్రశ్నతో ఆగక, ఏది, ఎప్పుడు, ఎవరి తోడుతో అనియు అడుగవలెను. కొర్ర, జొన్న, కందిపప్పు మన పొలములలోనే ఉన్నవి. తూనికయు ఆదోని వారికి క్రొత్త కాదు.